చెక్ లైటు వెలిగిన పాత కారు: అడాప్టరా, ఎలక్ట్రీషియనా, సర్వీస్ సెంటరా?

పన్నెండు, పదిహేనేళ్ళ ఆల్టోనో శాంత్రోనో ఐ10నో వేసుకుని రోజూ అమలాపురం నుంచి రాజమండ్రికో, పాలకొల్లు నుంచి భీమవరానికో డ్యూటీకి వెళ్ళొచ్చేవాళ్ళు మన గోదావరి జిల్లాల్లో బోలెడు మంది. ఈ బండ్లలో ఇంజిన్ సాధారణంగా గట్టిగానే ఉంటుంది. చికాకంతా దాని చుట్టూ ఉన్న సెన్సార్లతోనే. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్, గేటు దగ్గర ఆగితే రేసింగ్ పడిపోయి ఇంజిన్ ఆగిపోవడం, మైలేజ్ ఉన్నట్టుండి దిగిపోవడం, మీటర్ బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ. షెడ్డుకి తీసుకెళ్తే "సెన్సార్ పోయిందండి, మార్చేస్తే సరిపోద్ది" అంటారు. మారుస్తారు. పది రోజులు బాగానే నడుస్తుంది. మళ్ళీ అదే లైటు.

ఏ సెన్సారు పోయింది, అసలు పోయింది సెన్సారేనా అని తేల్చుకోవడానికి ఐదు దారులున్నాయి: ఫోనుకి కలిపే బ్లూటూత్ అడాప్టరు, మెకానిక్ దగ్గరి స్కానరు, ఆటో ఎలక్ట్రీషియన్ మల్టీమీటరు, కంపెనీ సర్వీస్ సెంటరు, ఇక పార్టు మార్చి చూడటం. నా ఓటు ముందే చెప్పేస్తాను. 2013 తర్వాతి పెట్రోలు బండి అయితే చవక అడాప్టరు ఒకటి కొనుక్కుని, మీటరు పట్టడం వచ్చిన ఎలక్ట్రీషియన్ని ఒకర్ని చూసిపెట్టుకోండి. మిగతావాళ్ళకి ఈ సలహా ఇలాగే పనికిరాదు. ఎవరికి ఎందుకు మారుతుందో కింద చెబుతాను.

## ముందు తేల్చుకోవలసినవి

బండి ఏ సంవత్సరంది? మన దేశంలో బీఎస్ 4 (పొగ కాలుష్యానికి ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ 2, అంటే బండి తన తేడాల్ని తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు, తప్పనిసరి. అంటే స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది, అన్ని కంపెనీల బండ్లకీ ఒకటే భాషలో కోడ్లు, అంటే తేడా ఎక్కడో చెప్పే నంబర్లు, వస్తాయి. ఇక్కడో మెలిక ఉంది. బీఎస్ 4 ముందు 2010లో కొన్ని నగరాలకే వచ్చింది. దేశమంతా అమలైంది 2017 ఏప్రిల్‌లో. ఈలోగా మన ఊళ్ళలో అమ్మినవాటిలో బీఎస్ 3 బండ్లూ ఉన్నాయి. వాటికి సాకెట్టు ఉన్నా, కంపెనీ సొంత భాషలోనే మాట్లాడేవి కొన్ని ఉంటాయి. మామూలు అడాప్టరు వాటితో కలవదు. కాబట్టి ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం ఒకసారి చూసుకోండి.

తేడా ఎప్పుడూ ఉంటోందా, వచ్చి పోతోందా? ఇరవై నాలుగ్గంటలూ ఉండే తేడాని ఎవరైనా పట్టుకుంటారు. వానపడ్డప్పుడో, గుంతలో దిగినప్పుడో, ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడో మాత్రమే వచ్చేది షెడ్డుకి వెళ్ళేసరికి కనపడదు. అలాంటిదాన్ని పట్టాలంటే ఆ క్షణంలో బండిలో ఉన్నవాళ్ళే పట్టాలి.

బండి ఆగిపోతోందా, కుంటుతూనైనా నడుస్తోందా? మైలేజ్ తగ్గడం జేబుకి సంబంధించిన సంగతి. సిద్ధాంతం వంతెన మీదో, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించేటప్పుడో ఇంజిన్ ఆగిపోవడం ప్రాణానికి సంబంధించిన సంగతి. రెండోదైతే ఖర్చు చూసుకోకుండా త్వరగా తేలే దారి పట్టాలి. ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతూ ఉంటే మెల్లగా ఇంటికి రావచ్చు. అదే లైటు టపటపా మెరుస్తూ ఇంజిన్ వణుకుతుంటే సిలిండర్లో మిస్సింగ్ ఉన్నట్టు. కాలని పెట్రోలు సైలెన్సర్లోకి వెళ్ళి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. పక్కకి ఆపడమే మంచిది.

బండి ఎక్కడ నిలబెడుతున్నారు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు గానీ, నా ఉద్దేశంలో మన ప్రాంతంలో ముందు అడగవలసింది ఇదే. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉప్పుగాలి. నరసాపురం, మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల గట్లు. తీరం దగ్గర బోరు నీళ్ళే ఉప్పన. ఆ నీళ్ళతోనే బానెట్ తెరిచి ఇంజిన్ కడిగించేవాళ్ళున్నారు. కప్లర్లో, అంటే వైర్లని సెన్సారుకి కలిపే ప్లాస్టిక్ గూడులో, రాగి పిన్నుకి పచ్చగా చిలుము పట్టేది అక్కడే. ఇక సార్వా కోతలయ్యాక పొలంలో తిండి లేని ఎలుకలు ఇళ్ళవైపు వస్తాయి. గడ్డిమేటు పక్కన నిలబెట్టిన కారులో ఇంజిన్ వెచ్చదనం వాటికి సుఖం, వైరింగ్ మీది ప్లాస్టిక్కు కాలక్షేపం. ఈ రెండూ సెన్సారుని ముట్టుకోవు, దానికి వెళ్ళే వైరుని చంపుతాయి. బండిలోని కంప్యూటరుకి (దీన్నే ఈసీఎం అంటారు) మాత్రం సెన్సారు పోయినా, వైరు పోయినా ఒకలాగే కనిపిస్తుంది.

## ఒక చూపులో

| దారి | ఖర్చు | దేనికి బాగు | ఎక్కడ చేతులెత్తేస్తుంది |
|---|---|---|---|
| బ్లూటూత్ అడాప్టరు | ఒక్కసారి, వెయ్యి రూపాయల అటూఇటూ | వచ్చి పోయే తేడాలు, రోజువారీ రీడింగులు | ఓబీడీ 2 లేని బండ్లు, వైరింగ్ తెగినచోటు చూపడం |
| మెకానిక్ స్కానరు | స్కాన్‌కి కొన్ని వందలు | కంపెనీ సొంత కోడ్లు, డీజిల్, ఏబీఎస్ (బ్రేకుల కంప్యూటరు) | పట్టుకున్న మనిషికి చదవడం రాకపోతే |
| ఎలక్ట్రీషియన్ మీటరు | పనిని బట్టి | వైరు, ఎర్తు, కప్లరు. ఏ సంవత్సరం బండైనా | ఎక్కడ వెతకాలో ఆనవాలు లేకపోతే గంటలు పడుతుంది |
| సర్వీస్ సెంటరు | అన్నింటికన్నా ఎక్కువ | ఇమ్మొబిలైజర్ (అసలు తాళంచెవి లేకపోతే స్టార్టవ్వనివ్వనిది), ఈసీఎం | ఓపిగ్గా వైరు వెతకడం |
| పార్టు మార్చి చూడటం | అదృష్టాన్ని బట్టి | కాయిల్ (ప్లగ్గుకి కరెంటు పంపేది), చవక సెన్సార్లు | మిగతా అన్నిచోట్లా |

## ఫోనుకి కలిపే అడాప్టరు

అగ్గిపెట్టెంత ఉంటుంది. సాకెట్లో గుచ్చి, ఫోనులో టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్ వేసుకుంటే కోడ్లు కనిపిస్తాయి. దీన్ని కోడ్లు చదవడానికే కొంటారు చాలామంది. నన్నడిగితే దీని అసలు విలువ లైవ్ రీడింగుల్లో ఉంది. పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, కీ ఆన్‌లో పెట్టి రెండు నిమిషాలు చూస్తే చాలు, సగం సంగతి తెలుస్తుంది.

రాత్రంతా చల్లారిన బండిలో కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత, లోపలికి వెళ్ళే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఉండాలి. బయట 27 ఉంటే రెండూ ఆ చుట్టుపక్కలే చూపించాలి. ఒకటి మైనస్ 40 చూపిస్తోందా? గోదావరిలో మంచు పడలేదు. ఆ సర్క్యూట్ ఎక్కడో తెగింది. 120 పైన చూపిస్తే ఎక్కడో షార్టయింది. తర్వాత మ్యాప్ సెన్సార్, అంటే ఇంజిన్ లోపలికి పీల్చే చోట గాలి ఒత్తిడి కొలిచేది. ఇంజిన్ తిరగనప్పుడు అది బయటి గాలి ఒత్తిడినే చూపాలి. మనం సముద్రమట్టానికి దగ్గరగా ఉన్నాం కాబట్టి ఇక్కడ 99 నుంచి 101 కిలోపాస్కల్ రావాలి. ఇదే కారు బెంగళూరులో 91 దగ్గర చూపిస్తుంది, అక్కడ అదే సరైనది. అమలాపురంలో మీ బండి 91 చూపిస్తే మాత్రం సెన్సారో దాని వైరో అబద్ధం చెబుతున్నట్టు. స్టార్ట్ చేసి ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగులో అది 30, 40 మధ్యకి దిగాలి.

హైవే ఎక్కాక కూలెంట్ 85 నుంచి 95 మధ్య నిలవాలి. అరవై దాటకుండా ఉండిపోతే సెన్సారుని తిట్టకండి. వేసవిలో వేడెక్కుతోందని ఎవరో మెకానిక్ ఎప్పుడో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపే కవాటం) పీకేసి ఉంటాడు. మన దగ్గర ఇది పెద్ద అలవాటు. ఇంజిన్ ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, కంప్యూటరు ఇంకా చలిగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూ ఉంటుంది. మైలేజ్ ఎందుకు రావట్లేదని యజమాని పొగలో ఆక్సిజన్‌ని చూసే ఆక్సిజన్ సెన్సార్ మార్పిస్తాడు!

ఆక్సిజన్ సెన్సార్ సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చూడండి. పాత పెట్రోలు కార్లలో మామూలుగా ఉండే రకమైతే, వేడెక్కాక వోల్టేజి 0.1కి, 0.9కి మధ్య ఆగకుండా ఊగుతూ ఉండాలి. 0.45 దగ్గర కదలకుండా కూర్చుంటే సెన్సారో వైరో పోయినట్టే. చక్కగా ఊగుతూ, కోడు మాత్రం పి 0171 వస్తోందంటే అది సెన్సారు తప్పు కాదు. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అని ఆ సెన్సారు నిజమే చెబుతోంది. పగిలిన రబ్బరు గొట్టం, బలం తగ్గిన పెట్రోలు పంపు వెతకాలి. కంప్యూటరు పెట్రోలుని ఎంత శాతం పెంచి పోస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఐడ్లింగులో 20 దాటి, యాక్సిలరేటర్ తొక్కితే తగ్గిపోతుంటే గాలి లీకు. స్పీడులో పెరుగుతుంటే పంపో ఫిల్టరో. వేల రూపాయల ఆక్సిజన్ సెన్సారుకి, వంద రూపాయల గొట్టానికి మధ్య తేడా ఈ ఒక్క అంకె చెబుతుంది.

ఇక లోపాలు. చవకరకం అడాప్టర్లలో ఎక్కువ శాతం నకళ్ళే. 2.1 అని రాసి అమ్మేవి కొన్ని పాత బండ్లతో కలవవు. కొనేముందు వెనక్కి ఇచ్చే వీలుందో లేదో చూసుకోండి. ఐఫోనుకి మామూలు బ్లూటూత్‌ది పనిచేయదు, వైఫైదో, ఐఫోనుకి పనికొస్తుందని స్పష్టంగా రాసిందో కావాలి. సాకెట్టుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, అందుకని వారాల తరబడి కదలని బండిలో దీన్ని వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం యాప్‌లో ఉన్న చెరిపేసే మీట. కోడు పడిన క్షణంలో ఇంజిన్ వేడెంత, స్పీడెంత అని కంప్యూటరు ఒక చిన్న పటం దాచుకుంటుంది. కోడు చెరిపితే అదీ పోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, చెరపడం సంగతి తర్వాత.

## ఆటో ఎలక్ట్రీషియన్

పాత బండికి, ముఖ్యంగా తీరప్రాంతంలో, ఈ దారినే నేను అన్నిటికన్నా పైన పెడతాను. కారణం సులువే. పి 0118 అని కోడు వస్తే కూలెంట్ సెన్సార్ సర్క్యూట్లో వోల్టేజి ఎక్కువగా ఉందని మాత్రమే దానర్థం. సెన్సారు లోపల తెగినా, కప్లరు ఊడినా, ఎలుక వైరు కొరికినా అదే కోడు. ఈ మూడింట్లో ఏదో చెప్పేది స్కానరు కాదు, మీటరు.

అడాప్టరూ మనిషీ కలిస్తే పని ఎంత తేలికవుతుందో ఇదే ఉదాహరణ. రెండు పిన్నుల కూలెంట్ సెన్సారు అనుకోండి. యాప్ మైనస్ 40 చూపిస్తోంది. కప్లరు ఊడదీసి, బండివైపు కప్లర్లో రెండు పిన్నుల్నీ చిన్న వైరుముక్కతో కలపాలి. రీడింగు ఒక్కసారిగా 120, 130 పైకి ఎగిరిందా? అయితే వైరింగ్ బాగుంది, ఈసీఎం బాగుంది, పోయింది సెన్సారే. ఎగరకపోతే సెన్సారు కొనకండి, వైరు ఎక్కడో తెగింది. సెన్సారుని విడిగా కొలిచినా తెలుస్తుంది: చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు నుంచి మూడు వేల ఓములు, 80 దగ్గర మూడు వందల చిల్లర. ఈ కలిపే పద్ధతి రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సార్లకే. త్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే గాలికి తెరుచుకునే తలుపు), మ్యాప్ లాంటి మూడు వైర్ల సెన్సార్ల దగ్గర ఇలా చేస్తే ఉన్నది కూడా పోతుంది.

మూడు వైర్ల వాటికి లెక్క వేరు. ఒకటి ఈసీఎం నుంచి వచ్చే 5 వోల్టులు, ఒకటి ఎర్తు, మూడోది సిగ్నల్. మంచి ఎలక్ట్రీషియన్ సెన్సారు ముట్టుకోకముందే ఆ 5 వోల్టులు వస్తున్నాయా, ఎర్తు నిజంగా ఎర్తేనా అని చూస్తాడు. ఒకేసారి నాలుగు సెన్సార్ల కోడ్లు పడి ఉంటే నాలుగూ పోయాయని కాదు. చాలాసార్లు అవన్నీ పంచుకునే 5 వోల్టుల లైనుని ఒక్కటి కిందికి లాగేస్తుంటుంది. కప్లర్లు ఒక్కొక్కటే తీస్తూ పోతే, ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చిందో అదే దొంగ.

ఎర్తు పరీక్ష మీరే చేసుకోవచ్చు, మీటరు నాలుగైదు వందలకి దొరుకుతుంది. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి ఉండగా, మీటరు నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర వైరు ఇంజిన్ మీద రంగులేని లోహానికి ఆనించండి. సున్నాకి దగ్గరగా ఉండాలి. 0.2 దాటితే ఎర్తు పట్టీ బోల్టు తుప్పు పట్టిందన్నమాట. బోల్టు విప్పి, గీరి, బిగిస్తే మూడు నాలుగు చిత్రమైన కోడ్లు ఒకేసారి మాయమవడం తీరం వైపు ఊళ్ళలో మామూలే.

ఎలక్ట్రీషియన్ని ఎంచుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. వైరు మధ్యలో సూది గుచ్చి చూస్తున్నాడా, కప్లరు వెనకవైపు నుంచి పిన్ను జొనిపి చూస్తున్నాడా గమనించండి. సూది గుచ్చిన కన్నంలోంచి మన ఉప్పు తేమ లోపలికి పోయి, ఆరు నెలల్లో ఆ వైరు లోపలే చిలుము పట్టి తెగుతుంది. రెండోరకం మనిషి దొరికితే వదులుకోకండి. చిలుము పట్టిన పిన్నుల్ని గరుకు కాగితంతో రుద్దేవాళ్ళు కూడా వద్దు. పైపూత పోతే చిలుము ఇంకా తొందరగా పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, మెత్తటి బ్రష్షు చాలు.

ఈ దారి లోపం కూడా చెప్పాలి. ఏ సర్క్యూట్ అన్న ఆనవాలు లేకుండా "బండి ఒక్కోసారి ఆగిపోతోందండి" అని అప్పజెప్తే, ఆయన రోజంతా వెతికినా దొరక్కపోవచ్చు. ఆ రోజు మీ బండి మీ దగ్గర ఉండదు, డ్యూటీకి బస్సే గతి.

## మెకానిక్ దగ్గరి స్కానరు

ట్యాబ్లెట్ లాంటి పెద్ద స్కానర్లు ఇప్పుడు రాజమండ్రి, భీమవరం, కాకినాడలోనే కాదు, చిన్న టౌన్లలోని షెడ్లలోనూ కనిపిస్తున్నాయి. అడాప్టరుకి అందని కంపెనీ సొంత కోడ్లు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఇవి చదువుతాయి. ఫ్యాను, ఇంజెక్టర్ లాంటివాటిని స్కానరు నుంచే ఆన్ చేసి చూడొచ్చు. డీజిల్ బండికి నేరుగా ఇక్కడికే రావడం మేలు. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి వెళ్ళే డీజిల్ ఒత్తిడి), ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపే కవాటం), గాలి కొలిచే మాఫ్ సెన్సార్ ఒకదాని తేడాని ఒకటి దాచేస్తాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇబ్బంది పరికరంతో కాదు, దాన్ని వాడే తీరుతో. స్కాన్ అని చెప్పి కోడు చెరిపేసి, లైటు ఆరిందని చూపించి డబ్బు తీసుకునేవాళ్ళు ఉన్నారు. అందుకని ముందే చెప్పండి: "కోడు నంబరు ఫోటో తీసిన తర్వాతే చెరపండి." తర్వాత ఒక ప్రశ్న: "సెన్సారుదాకా కరెంటు వస్తోందో లేదో చూశారా?" దీనికి జవాబు నీళ్ళు నమిలినట్టుంటే బండి వెనక్కి తెచ్చుకోండి.

## కంపెనీ సర్వీస్ సెంటరు

పాత బండి కదా అని దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. సెల్ఫ్ తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు, మీటర్ బోర్డు మీద తాళంచెవి బొమ్మ మెరుస్తోంది అంటే అది ఇమ్మొబిలైజర్ గొడవ. బయట ఎవరి చేతా కెలికించకుండా ఇక్కడికే తీసుకురండి. ఈసీఎం మార్చాలన్నా, ప్రోగ్రామ్ చేయాలన్నా ఇక్కడే. ఆ మోడల్ వైరింగ్ పటం ఉండేదీ, వేసిన పార్టుకి బిల్లూ వారంటీ దొరికేదీ ఇక్కడే. చిలుము పట్టిన పిన్ను కోసం అరపూట వెతికే తీరిక మాత్రం అక్కడి లెక్కలో ఉండదు. వైరింగ్ తేడా అని తేలితే మొత్తం కిట్టు మార్చమంటారు. పదిహేనేళ్ళ బండికి ఆ అంచనా చూస్తే కళ్ళు తిరుగుతాయి.

## పార్టు మార్చి చూడటం

ఒకచోట మాత్రం ఇదే అన్నిటికన్నా మంచి పరీక్ష, పైగా ఉచితం. సిలిండరుకో కాయిల్ ఉన్న బండిలో పి 0302 వచ్చిందంటే రెండో సిలిండర్లో మిస్సింగ్. రెండోదాని కాయిల్ తీసి మూడోదానికి, మూడోది రెండోదానికి వేయండి. కోడు పి 0303గా మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గో ఇంజెక్టరో.

మిగతా వాటికి ఈ పద్ధతి జూదమే. విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ సెన్సార్లు దొరుకుతాయి, కొన్ని బాగానే పనిచేస్తాయి కూడా. ఇంజిన్ తిరుగుతోందో లేదో కంప్యూటరుకి చెప్పే క్రాంక్ సెన్సార్ మాత్రం డూప్లికేట్‌ది వేయకండి. రోహిణి కార్తె ఎండలో అది ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పలేం.

## లక్షణాన్ని బట్టి మొదటి గడప

| ఏమవుతోంది | ముందు అనుమానించేది | ఎవరి దగ్గరికి |
|---|---|---|
| వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్టవుతోంది | క్రాంక్ సెన్సార్, తర్వాత పెట్రోలు పంపు | అడాప్టరు, ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ |
| ఫ్యాన్ ఆగకుండా తిరుగుతోంది, నల్లపొగ | కూలెంట్ సెన్సార్ కప్లరు | అడాప్టరు |
| స్పీడోమీటర్ ముల్లు పడిపోతోంది, ఆపేటప్పుడు ఇంజిన్ ఆగుతోంది | స్పీడ్ సెన్సార్ | ఎలక్ట్రీషియన్ |
| రేసింగ్ పైకీ కిందకీ ఊగుతోంది | గాలి లీకు, మురికి త్రాటిల్ బాడీ | మెకానిక్ |
| గుంతలో పడగానే లైటు వస్తోంది | ఎర్తు, వైరింగ్ | ఎలక్ట్రీషియన్ |
| లైటు మెరుస్తూ ఇంజిన్ వణుకుతోంది | ప్లగ్గు, కాయిల్ | పక్కకి ఆపి మెకానిక్‌కి ఫోన్ |
| తాళంచెవి బొమ్మ మెరుస్తోంది | ఇమ్మొబిలైజర్ | సర్వీస్ సెంటరు |

మొదటి వరుస గురించి ఇంకో మాట. బండి ఆగిపోయి స్టార్టవ్వని ఆ సమయంలోనే అడాప్టరు పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నా అంకె సున్నాలోనే ఉంటే క్రాంక్ సిగ్నల్ రావట్లేదన్నమాట. రెండు, మూడు వందలు చూపిస్తే క్రాంక్ సెన్సార్ మంచిదే, పెట్రోలు పంపు వైపు చూడాలి. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ కొట్టగానే అడాప్టరే ఆరిపోతుంది, అప్పుడు ఆ సున్నాని నమ్మొద్దు. క్రాంక్, క్యామ్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) రెండిటి సిగ్నళ్ళూ పొసగట్లేదని పి 0016 వస్తే సెన్సార్ల జోలికి పోకముందు టైమింగ్ చైను సాగిందేమో చూపించుకోండి.

## మీరు ఎవరైతే ఏది

రోజూ దూరం వెళ్ళే ఉద్యోగులు. అడాప్టరు కొనండి, బండి బాగున్నప్పుడే ఒకసారి అన్ని రీడింగులూ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి అంతకన్నా మంచి కొలబద్ద ఉండదు. బాగున్నప్పటిదీ, తేడా వచ్చినప్పటిదీ రెండు ఫోటోలతో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే రోజంతా పట్టే పని గంటలో తెమలొచ్చు.

చెరువుల మీద తిరిగే ఆక్వా రైతులు. ఎలక్ట్రీషియనే ముందు, స్కానరు తర్వాత. వానాకాలం ముందొకసారి ఎర్తు బోల్టులు, ఇంజిన్ మీది కప్లర్లు తీయించి శుభ్రం చేయించండి. ఉప్పు బోరు నీళ్ళతో ఇంజిన్ కడిగించడం మానేయండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

బండి వారానికోసారి తీసే పెద్దవాళ్ళు. అడాప్టరు మీకు అక్కర్లేదు. ముందు బ్యాటరీ చూపించండి: ఆపి ఉన్నప్పుడు 12.6, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. బ్యాటరీ దిగిపోయినా సెన్సార్ల కోడ్లు పడతాయి. తర్వాత బానెట్ తెరిచి ఎలుక పెంటికలు, గడ్డిపోచలు ఉన్నాయేమో చూడండి.

2013కి ముందు బండి ఉన్నవాళ్ళు. అడాప్టరు కలిస్తే అదృష్టం. లేకపోతే కంపెనీ కోడ్లు చదివే స్కానరున్న షెడ్డులో ఒక్కసారి కోడు రాయించుకుని, మిగతా పని మీటరుతో చేయించుకోండి.

సీఎన్‌జీ కిట్టు బయట పెట్టించుకున్నవాళ్ళు. ఏ పరీక్షైనా ముందు పెట్రోలు మీద నడిపి చూడాలి. కిట్టు పెట్టేటప్పుడు ఇంజెక్టర్ వైర్లని కోసి అతుకు వేస్తారు. ఆ అతుకులు వదులైనా, గ్యాస్ సెట్టింగు తప్పినా సెన్సారు కోడ్లే వస్తాయి. పెట్రోలు మీద బాగుండి గ్యాస్ మీదే లైటు వస్తోందంటే బండి మెకానిక్‌ని వదిలేసి, కిట్టు పెట్టినాయన్నే పట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనబోయేవాళ్ళు. పెట్టే ప్రతి రూపాయికీ అడాప్టరు వల్ల ఎక్కువ లాభపడేది మీరే. కీ ఆన్ చేయగానే ఇంజిన్ లైటు ఒకసారి వెలగాలి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేసి ఉంటారు. తర్వాత యాప్‌లో కోడ్లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూడండి. 2013 తర్వాతి చాలా బండ్లలో ఈ అంకె ఉంటుంది. పక్కనే మానిటర్ల పట్టిక, అంటే బండి తనని తాను చేసుకునే పరీక్షల్లో ఏవి పూర్తయ్యాయో చూపేది, కూడా ఉంటుంది. కోడ్లు ఏమీ లేవు, కానీ పట్టికలో సగం పూర్తి కాలేదని చూపిస్తూ, తిరిగింది నాలుగు కిలోమీటర్లే అంటే, మీరు వస్తున్నారని తెలిసి పొద్దున్నే చెరిపేశారన్నమాట. రావులపాలెం వంతెనదాకా వెళ్ళొద్దామండీ అని బండి తీసుకుని, వేడెక్కిన ఇంజిన్‌తో మళ్ళీ చూడండి. అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయవచ్చు.